అన్నం ముట్టని బావర్చీ

ఆ సోమవారం పొద్దున తాజుద్దీన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎల్లారెడ్డిలో మొదటి బస్సు ఎక్కి కామారెడ్డిలో దిగడం, రక్తపరీక్షకు రక్తం ఇవ్వడం, కాగితం వచ్చేలోపు ఆశన్న దుకాణంలో పాత బియ్యం రెండు బస్తాలు చెప్పి రావడం, కాగితం డాక్టరుకు చూపించడం, మధ్యాహ్నం దాటకముందే ఇంటికి చేరి భార్య సాలెహా వండిన ఖట్టీ దాల్‌తో నాలుగు పళ్ళేల అన్నం తినడం. వీటిలో చివరిది తప్ప మిగతావన్నీ అనుకున్నట్టే జరిగాయి.

తాజుద్దీన్ బావర్చీ. పెళ్ళిళ్ళకు, దావత్‌లకు వంట చేస్తాడు. ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ మధ్య ఎక్కడ రెండు వందల మందికి మించి భోజనం పెట్టినా పొయ్యి దగ్గర ఆయనే ఉండేవాడు. బరువు నూట నాలుగు కిలోలు. ఆ బరువును ఆయన ఎప్పుడూ జబ్బనుకోలేదు, దుకాణం ముందరి బోర్డు అనుకున్నాడు. బక్కపలచని మనిషి వండిన బిర్యానీని ఎవరు నమ్ముతారు?

పైగా ఆయన తండ్రి ఒక రివాజు పెట్టి పోయాడు. దేగ్ అనే పెద్ద రాగి గుండిగ మూత తీయగానే మొదటి ప్లేటు బావర్చీయే తినాలి. దావత్ ఇచ్చే మనిషి కళ్ళ ముందర, నిండుగా తినాలి. అది చూశాకే వరుస కూర్చుంటుంది. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో వాళ్ళు తింటున్నారు, జనం నమ్ముతున్నారు. నెల కింద ఒక దావత్‌లో ఆ దేగ్ మూత ఎత్తబోయి తాజుద్దీన్ ఊపిరాడక కట్టెల మోపు మీద కూలబడ్డాడు. మూత బరువెక్కిందని ఆయన అన్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి అదే మూత అని సాలెహా అన్నది. అట్లా విషయం రక్తపరీక్ష దాకా వచ్చింది.

కామారెడ్డిలో డాక్టర్ అబ్రాహాము కాగితం చూశాడు. తాజుద్దీన్ పొట్ట చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"కొలెస్ట్రాల్ రెండు వందల ఎనభై ఆరున్నది. ఏం పని చేస్తవు?"

"బావర్చీని సాబ్."

"బంద్ పెట్టాలె."

"పనా సాబ్?"

"అన్నం. అన్నం, రొట్టె, చక్కెర, ఆలుగడ్డ. నాలుగు బంద్."

తాజుద్దీన్ మరోమాట కోసం ఎదురుచూశాడు. ఆ రోజుల్లో ఏ డాక్టరైనా మొదట మానెయ్యమనేది మాంసం. అది మానేస్తే బావర్చీ బతుకు ఏమిటన్న దిగులుతోనే ఆయన బస్సెక్కాడు.

"మటన్ సాబ్?"

"తిను. కొవ్వు తీసేసి తిను. గుడ్లు తిను, ఆకుకూర తిను, పెరుగు తిను. వనస్పతి ముట్టకు. పొద్దుగాల గంట నడువు."

"మటన్ తినాలె, అన్నం తినొద్దా?"

"అన్నం లోపలికి పోయి చక్కెరైతది. ఖర్చు కాని చక్కెర కొవ్వైతది. ఎంత తింటవు అన్నం?"

"రోజుకా సాబ్, పూటకా?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "మూడు నెలలు టైమిస్తున్న. పన్నెండు కిలోలు దిగాలె. సరిగ్గ మూడు నెలలకు, సోమవారం, మళ్ళ రక్తం చూస్త. ఇది దిగలేదనుకో, పొయ్యి కాడ నిలవడుడు బంద్. ఆ వేడి, ఆ పొగ, ఆ బరువు లేపుడు నీ గుండె ఓర్వది. ఇంట్ల కూసోవాలె."

ఇంట్లో కూర్చున్న బావర్చీలను తాజుద్దీన్ ఇద్దరిని ఎరుగును. ఇద్దరూ కోడళ్ళ వంటకు వంకలు పెడుతూ కాలం గడుపుతున్నారు. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆ ఇద్దరినే తలుచుకున్నాడు.

ఇంటికి వచ్చి ఖట్టీ దాల్ తాగాడు. అన్నం ముట్టలేదు.

"ఎవలకు చెప్పొద్దు" అన్నాడు భార్యతో.

"చెప్తే ఏమైతది?"

"బావర్చీకి కొవ్వు రోగమని తెలిస్తే ఏమంటరు? వాని బిర్యానీ వానికే అరగలే, మనకేం అరుగుతది అంటరు."

సాలెహాకు ఇది సబబుగానే తోచింది. ఆమె బియ్యం డబ్బాకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది. విషయం తెలిసిన మూడో మనిషి భోజ్యా. తండా నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళుగా తాజుద్దీన్ పక్కన నిలబడి కట్టెలు పేర్చేదీ, దేగ్‌లు దించేదీ అతడే. అతనికి చెప్పక తప్పదు, ఎందుకంటే తాజుద్దీన్ వదిలేసే అన్నం ఎవరో ఒకరు తినాలి.

మొదటి వారం అన్నం ఆవిరి వాసనకు తాజుద్దీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ అన్నాడు. రెండో వారం పొయ్యి మీద పొగ లేనప్పుడు కూడా పొగే అన్నాడు. మూడో వారం తాడ్వాయిలో మల్లన్న మనుమడి పుట్టెంట్రుకల దావత్ వచ్చింది.

బగారా అన్నం, మటన్ కూర. దేగ్ మూత తీశారు. మల్లన్న ఎదురుగా నిలబడ్డాడు, ఆయన వెనక చుట్టాలు నిలబడ్డారు. తాజుద్దీన్ ప్లేటులో అన్నం పలచగా పరిచి, పైన కూర నిండుగా వేసుకున్నాడు. ముక్కలన్నీ తిన్నాడు. అన్నాన్ని నాలుగు వేళ్ళతో మెల్లగా అంచుకు నెట్టి, గోడలా నిలబెట్టి, దాని మీద మాంసం తినగా మిగిలిన బొక్కలు పేర్చాడు. పనితనం బాగానే ఉంది గాని, మల్లన్న వడ్లు పండించే మనిషి. అన్నం ఎక్కడ దాక్కున్నా ఆయనకు కనిపిస్తుంది.

"ఏంది తాజన్నా, అన్నం అట్లనే ఉన్నది?"

"మొక్కున్నది మల్లన్నా. మూడు నెలలు అన్నం ముట్ట."

"ఏం మొక్కు?"

"చెప్తే మొక్కు పోతది."

మల్లన్నకు అర్థమైంది. ఆయన వెనక నిలబడ్డవాళ్ళకు ఈ మాటలు వినపడలేదు, ప్లేటు మాత్రం కనపడింది. బావర్చీ మటన్ ఊడ్చేశాడు, అన్నం మెతుకు ముట్టలేదు. వరుస కూర్చునేసరికి అన్నంలో ఏదో ఉందన్న సంగతి చివరి ఆకు దాకా పోయింది. తాడ్వాయి వాళ్ళు మర్యాదస్థులు. ఒక్కరు కూడా అన్నం వద్దనలేదు. అందరూ వేయించుకున్నారు, కలిపారు, ముక్కలు తిని లేచారు. రెండో వరుసకు మటన్ అయిపోయింది. మూడో వరుసలో మల్లన్న సొంత అన్నదమ్ములు కూర్చున్నారు. వాళ్ళు మామిడికాయ తొక్కుతో తిన్నారు, మల్లన్నతో ఏమీ మాట్లాడలేదు.

మిగిలిన అన్నం బర్రెలకు పెట్టారు. బర్రెలకు ఏమీ కాలేదు. ఈ విషయాన్ని మాత్రం ఎవరూ ప్రచారం చేయలేదు.

మూడు రోజులకు బియ్యం దుకాణం ఆశన్న కామారెడ్డి నుంచి బస్సెక్కి ఎల్లారెడ్డి వచ్చాడు. రుమాలు విప్పి పిడికెడు బియ్యం తాజుద్దీన్ ముందర పోశాడు.

"ఇండ్ల ఏమున్నదో చూపెట్టు."

"ఏమున్నది ఆశన్నా, బియ్యమే."

"తాడ్వాయిల ఏదో ఉన్నదంటుండ్రు. పురుగంటడొకడు, మందంటడొకడు. నా అల్లుడు సుత నిన్న మా ఇంట్ల రొట్టె తిన్నడు. నువ్వెందుకు తినలే?"

మొక్కు అంటే ఆశన్న ఊరుకోడని తాజుద్దీన్‌కు తెలుసు. ఆశన్న ప్రతి మొక్కుకూ దేవుడి పేరు, ఊరు, తేదీ అడుగుతాడు. అందుకని వెంటనే నోటికి వచ్చింది చెప్పాడు.

"నీ బియ్యం బంగారమసొంటివి. నాకు పన్ను నొప్పి ఉండె."

"పన్ను నొప్పికి అన్నం ఇడిసిపెట్టి బొక్కలు కొరికినవా?"

"ఆ పన్ను వేరే దిక్కున్నది."

ఆశన్న చాయ్ తాగడం పూర్తిచేశాడు. తర్వాత రుమాలులో బియ్యం ఏరుకుని మళ్ళీ మూట కట్టుకుని, బస్సెక్కాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ తాజుద్దీన్ పన్ను సంగతి చెప్పాడు. పది రోజుల తర్వాత దోమకొండ బస్సులో మల్లన్న, ఆశన్న ఒకే సీటులో కూర్చున్నారు. ఒకరి దగ్గర మొక్కు ఉంది, ఒకరి దగ్గర పన్ను ఉంది. దోమకొండ రాకముందే ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. ఒక పనికి రెండు కారణాలు చెప్పే మనిషి దగ్గర చెప్పని మూడోది ఒకటి ఉంటుంది.

ఆ మూడోది ఏమిటో చెప్పడానికి తాజుద్దీన్‌ను చూస్తే చాలు. అప్పటికి తొమ్మిది కిలోలు తగ్గాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ప్యాంటుకు సాలెహా బొందు కుట్టింది. పొద్దున్నే ఊరి బయటి రోడ్డు మీద ఒంటరిగా నడుస్తూ కనిపిస్తున్నాడు. తొంభైల మొదట్లో ఎల్లారెడ్డిలో పని లేకుండా ఎవరూ నడిచేవారు కాదు. బక్కపడి, అన్నం మానేసి, ఒంటరిగా నడుస్తున్నాడంటే జనం ఆరోగ్యం అనుకునే కాలం కూడా కాదది.

పరామర్శలు మొదలయ్యాయి. రోగిని చూడడానికి పోతే బ్రెడ్డు, అరటిపళ్ళు, బిస్కెట్లు పట్టుకుపోయే రోజులవి. డాక్టర్ అబ్రాహాము ఏవేవి తినొద్దన్నాడో అవన్నీ రోజూ సాయంత్రం తాజుద్దీన్ మంచం పక్కకు నడిచి వచ్చేవి. వచ్చినవాళ్ళు తమ ముందర ఒక్కటైనా తినమని పట్టుబట్టేవారు. ఇప్పుడే తిన్నానని ఆయన చెప్పేవాడు. ఇప్పుడే తిన్న మనిషి ఇట్లా ఉండడని వాళ్ళు లోపల అనుకునేవారు.

"ఆయన మంచిగనే ఉన్నడు" అనేది సాలెహా.

"నువ్వు ధైర్యంగుండు బిడ్డా" అని ఆమె చెయ్యి పట్టుకునేవారు.

"ధైర్యమెందుకు, ఆయనకేం లేదు."

"అట్లనే అనుకోవాలె."

బ్రెడ్డంతా భోజ్యా ఇంటికి పోయింది. నెల తిరిగేసరికి భోజ్యా నాలుగు కిలోలు పెరిగాడు. తాజుద్దీన్ పక్కన నిలబడితే ఇప్పుడు అతడే బావర్చీలా ఉన్నాడు.

చివరికి యాకూబు కూడా వచ్చాడు. యాకూబు కామారెడ్డిలో ఇంకో బావర్చీ. రెండు డజన్ల అరటిపళ్ళు తెచ్చి, తాజుద్దీన్ మొహం ఒక నిమిషం చూసి, మూలన బోర్లించిన రాగి దేగ్‌లను చాలాసేపు చూశాడు.

"భాభీ" అన్నాడు సాలెహాతో, గొంతు తగ్గించి. "మసాలా పాళ్ళు ఎవలకన్న చెప్పిండా?"

"ఎందుకు చెప్తడు?"

"ఏం లేదు. ఆయనతోటే పోతయి గదా అని."

మంచం మీది నుంచి తాజుద్దీన్ అన్నాడు. "యాకూబూ, నేను ఈన్నే ఉన్న. వినవడుతుంది."

"పండుకో అన్నా, మాట్లాడకు. అలసిపోతవు" అన్నాడు యాకూబు. పోతూ పోతూ ఒక దేగ్‌ను వేలితో తట్టి, మోత విని, తల ఊపి పోయాడు.

యాకూబు వచ్చి పోయిన నాలుగో రోజు ఘనీ సేట్ జీపు వచ్చి ఇంటి ముందర ఆగింది. ఘనీ సేట్‌కు కామారెడ్డిలో బట్టల దుకాణం ఉంది. రాబోయే ఆదివారం ఆయన కొడుకు వలీమా, అంటే పెళ్ళి తర్వాత పెళ్ళికొడుకు ఇంటివాళ్ళు ఇచ్చే విందు, ఆరు వందల మందికి. తాజుద్దీన్‌కు ఆరు నెలల కిందనే మాట ఇచ్చి పెట్టాడు. మనిషి నూట పది కిలోలు. గుమ్మం దాటి లోపలికి వచ్చి, తాజుద్దీన్‌ను చూసి, కూర్చోవడానికి ఏదైనా ఉందా అని చుట్టూ చూశాడు.

"నిజం చెప్పు తాజుద్దీన్. టీబీయా, ఇంకోటా?"

"ఏం లేదు సేట్. మంచిగున్న."

"మంచిగున్నోడు గిట్లుంటడా? చూడు, బిచ్కుంద నుంచి వియ్యంకుడు అరవై మందితోటి వస్తుండు. బావర్చీ పొయ్యి కాడ పడిపోయిండంటే నా ఇజ్జత్ ఏంగావాలె? యాకూబు ఖాళీగనే ఉన్నడు."

"మీ పెండ్లికి మా బాప్ వండిండు సేట్."

"అందుకే నేనే వచ్చిన, లేకుంటే కబురు పంపుదు. ఒక్కటే శర్తు. మీ బాప్ తిన్నట్టు నా కండ్ల ముందల ఒక ప్లేటు నిండ తినాలె. అన్నంతోటి. వడ్డించేది నేనే. అందరు చూడాలె. తినలేవనుకో, ఆ నిమిషమే గంటె యాకూబు చేతికిస్త."

వలీమా ఆదివారం మధ్యాహ్నం. డాక్టర్ అబ్రాహాము రక్తం చూసేది సోమవారం పొద్దున. జీపు పోయాక తాజుద్దీన్ మంచం అంచున కూర్చున్నాడు. ఆదివారం అన్నం తినకపోతే పొయ్యి యాకూబుది. తిని సోమవారం ఆ అంకె పైకి పోతే పొయ్యి ఎవరిదైనా తనది మాత్రం కాదు.

"ఒక్క ప్లేటుకు ఏమైతది?" అన్నది సాలెహా. "మూడు నెలల కష్టం ఒక్క ప్లేటుకు పోతదా?"

"నీకు తెల్వదా? ఒక్క ప్లేటు కాడ ఆగెటోణ్ణయితే నూట నాలుగు కిలోలు ఎట్లయిత?"

సాలెహా కొంగుకున్న తాళంచెవి సవరించుకుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఒక్క ప్లేటు దగ్గర ఆగిన రోజు ఆమెకు కూడా గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దు పొడవకముందే కామారెడ్డిలో పొయ్యిలు వెలిగాయి. మూడు దేగ్‌ల బిర్యానీ. తాజుద్దీన్ కలిపాడు, రుచి వాసనతోనే చూశాడు, మూతలకు పిండి పెట్టి దమ్ చేశాడు. ఒంటిగంటకు షామియానా కింద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచారు. మొదటి వరుసలో పెద్దలు నలభై మంది; ఈసారి వాళ్ళు బావర్చీతో పాటే తింటారు, మిగతా వరుసలు ఆయన తిన్నాకే. దుకాణదారులు, కంట్రాక్టర్లు, బియ్యం మిల్లు యజమాని, హెడ్మాస్టరు. ఘనీ సేట్ ఒక పక్క, బిచ్కుంద వియ్యంకుడు ఇంకో పక్క, మధ్యలో బావర్చీకి జాగా. షామియానా గుంజ దగ్గర యాకూబు నిలబడ్డాడు. అతడు చేతులు కడుక్కుని, తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు.

దేగ్ మూత తీశారు. ఘనీ సేట్ తన చేత్తో వడ్డించాడు. ఒక గంటె, రెండు గంటెలు, మూడు. బాస్మతి మెతుకు మెతుకు విడిగా, తెలుపు ఒకటి, కేసరి రంగు ఒకటి, పైన వేయించిన ఉల్లిగడ్డ. తొంభై రోజుల తర్వాత అన్నం తాజుద్దీన్ మొహానికి ఆవిరి కొట్టింది. ఆయన వేళ్ళు ప్లేటులో పెట్టాడు. వేళ్ళకు అన్నీ గుర్తున్నాయి. ముద్ద దానంతట అదే తయారైంది.

దాన్ని చూడకుండా ఉండడానికి తాజుద్దీన్ మొహం పక్కకు తిప్పాడు. పక్కన ఘనీ సేట్ ప్లేటు ఉంది.

ఘనీ సేట్ ముక్క తింటున్నాడు. ముక్క తర్వాత ముక్కే తింటున్నాడు. నాలుగు వేళ్ళతో అన్నాన్ని మెల్లగా అంచుకు నెట్టి, గోడలా నిలబెట్టి, దాని మీద బొక్క పెట్టాడు. తాజుద్దీన్ ముద్ద కింద పెట్టాడు. ఈ పని తెలిసినవాడికి ఇంకొకడు చేస్తుంటే తెలియకుండా ఉండదు.

"ఎన్ని నెలలాయె సేట్?" అన్నాడు పెదవులు కదలకుండా.

ఘనీ సేట్ చెయ్యి ఆగింది. "రెండు" అన్నాడు ముందుకు చూస్తూనే. "నీకు?"

"మూడు. ఎంతుండె?"

"రెండు తొంభై. నీది?"

"రెండు ఎనభై ఆరు. అబ్రాహాము డాక్టరేనా?"

"మెల్లగ మాట్లాడు. వియ్యంకుడు వింటడు."

"మరి నన్నెందుకు సేట్ అన్నం తినుమని శర్తు పెడితిరి?"

"నువ్వు తింటుంటే అందరు నీ దిక్కు చూస్తరు. నా ప్లేటు ఎవడు చూస్తడు? కొడుకు వలీమాల తండ్రి అన్నం ముట్టకుంటే ఆయనేమనుకుంటడు? రోగిష్టింట్ల పిల్లనిచ్చిన అనుకోడా?"

తాజుద్దీన్ రెండో పక్కకు చూశాడు. వియ్యంకుడి ప్లేటులో గోడ ఘనీ సేట్ గోడ కన్నా నేర్పుగా ఉంది. బొక్కలతో పాటు నిమ్మచెక్క కూడా నిలబెట్టాడు. తాజుద్దీన్ వరుస పొడుగునా చూపు పోనిచ్చాడు. బియ్యం మిల్లు యజమాని ప్లేటులో గోడ. హెడ్మాస్టరు ప్లేటులో గోడ. కామారెడ్డిలో డాక్టర్ అబ్రాహాము ఫీజు ఇవ్వగలిగిన ప్రతి మనిషీ ఆ వరుసలోనే కూర్చున్నాడు. ఒక్కరూ పక్క ప్లేటు వైపు చూడడం లేదు, తన ప్లేటు చూస్తారేమో అని.

తాజుద్దీన్ తాపీగా తన గోడ కట్టుకున్నాడు. ముక్కలు తిన్నాడు. గుంజ దగ్గరి నుంచి యాకూబు మెడ చాపి చూస్తున్నాడు. ఘనీ సేట్‌కు ఇప్పుడు వేరే దారి లేదు.

"మాషా అల్లా" అన్నాడు నలుగురికీ వినపడేట్టు. "నిండ తిన్నడు. ఇగ కానియ్యుండ్రి."

ఆ తర్వాత జరిగింది లెక్క ప్రకారమే జరిగింది. నలభై మంది పెద్దలు అన్నం బదులు ముక్కలు తిన్నారు, మళ్ళీ వేయించుకున్నారు. రెండో వరుస వాళ్ళు పెద్దల ప్లేట్లలో మిగిలిన అన్నం చూసి, ఏమైనా ఉందేమోనని వాళ్ళూ ముక్కలే తిన్నారు. మూడో వరుస రెండో వరుసను చూసింది. భోజ్యా వచ్చి తాజుద్దీన్ చెవిలో చెప్పాడు.

"భాయ్, మూడు దేగ్‌లల్ల అన్నమే ఉన్నది. ఆడోళ్ళ దిక్కు ఇంక పెట్టనే లేదు."

వలీమాలో ఆడవాళ్ళకు మాంసం లేదంటే ఆ బావర్చీ తర్వాత ఊరు మారాలి. తాజుద్దీన్ ఒక నిమిషం పొయ్యి వైపు చూశాడు.

"బజారుకు పో. కామారెడ్డిల గుడ్డు అన్నది మిగలొద్దు. ఎన్ని దొరికితే అన్ని పట్టుకరా."

ముప్పావు గంటలో ఎనిమిది వందల గుడ్లు ఉడికాయి, వేగాయి, మసాలాలో పడ్డాయి, అన్నం మీద పరుచుకున్నాయి. ఘనీ సేట్ భార్య వాజిదా పరదా వెనక నుంచి కబురు పంపింది. ముక్కలెక్కడ అని. ఆడవాళ్ళకు స్పెషల్ అని తాజుద్దీన్ జవాబు పంపాడు. ఆ రోజుల్లో స్పెషల్ అన్న మాటకు మంచి విలువ ఉండేది. లోపలి నుంచి మళ్ళీ కబురు రాలేదు, గుడ్లు మాత్రం రెండోసారి అడిగారు.

మాంసం ఎటు పోయిందని ఘనీ సేట్ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సింది కూడా ఆయనే. మూలన కూర్చుని మూడో కప్పు డబల్ కా మీఠా తింటూ కనిపించాడు.

"సేట్, అది చక్కెర పాకం" అన్నాడు తాజుద్దీన్.

"అన్నం అయితే కాదు గదా" అన్నాడు ఘనీ సేట్.

సోమవారం పొద్దున తాజుద్దీన్ రక్తం ఇచ్చి, కాగితం కోసం డాక్టరు గది ముందర బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి ఘనీ సేట్ వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ వెనకే ఆయన వియ్యంకుడు వచ్చాడు. ఆయన నిన్ననే బిచ్కుంద పోవాల్సిన మనిషి.

"మోకాలు పట్టుకున్నది" అన్నాడు ఘనీ సేట్, ఎవరూ అడగకుండానే.

"నాకు జర జలుబు" అన్నాడు వియ్యంకుడు.

మిల్లు యజమానికి నడుము. హెడ్మాస్టరుకు కళ్ళద్దాల నెంబరు మారింది. పదకొండు గంటలకల్లా నిన్నటి మొదటి వరుస సగం అక్కడే ఉంది. అందరికీ ఏవో చిన్న చిన్న జబ్బులు. తాజుద్దీన్ తనకేమిటో చెప్పలేదు. ఆయనకు అప్పటికే మొక్కు, పన్ను అయిపోయాయి, ఇంకోటి తోచలేదు.

డాక్టరు లోపలికి పిలిచాడు. కాగితం చూశాడు, తాజుద్దీన్‌ను తూకం మీద నిలబెట్టాడు. కొలెస్ట్రాల్ రెండు వందల నాలుగు. బరువు తొంభై కిలోల ముప్పావు. డాక్టర్ అబ్రాహాము లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, అట్లాగే బయటి బెంచీల మధ్యకు నడిపించుకుని వచ్చాడు.

"ఈయనను చూడుండ్రి" అన్నాడు కాగితం పైకెత్తి. "మూడు నెలల కింద రెండు వందల ఎనభై ఆరుండె. నూట నాలుగు కిలోలుండె. అన్నం మానేసిండు, చక్కెర మానేసిండు, పొద్దుగాల నడిచిండు. నిన్న పెద్ద వలీమా ఉండెనంట, ఆన్న సుత మెతుకు ముట్టలేదంట. మీకు మస్తు సార్లు చెప్పిన, ఒక్కరు వింటరా? తాజుద్దీన్, నువ్వు ఇంకో ముప్పై ఏండ్లు పొయ్యి కాడ నిలవడొచ్చు. నేను చెప్తున్న."

బావర్చీకి కొవ్వు రోగమని తెలిసింది. మొక్కు అబద్ధం, పన్ను అబద్ధం, నిన్న నిండా తిన్నాడన్నది కూడా అబద్ధమే అని తెలిసింది. పొయ్యి దగ్గర నిలబడడానికి డాక్టరు అనుమతి ఇచ్చాడు. ఆ పొయ్యి దగ్గరికి పిలవాల్సినవాళ్ళు మాత్రం అంతా అక్కడే, బెంచీల మీద కూర్చుని నేల చూస్తున్నారు. తాజుద్దీన్ డాక్టరుకు సలాం చేసి బస్టాండుకు నడిచాడు.

"ఏమన్నడు?" అన్నది సాలెహా.

"వండొచ్చన్నడు. ఎవలకో చెప్పలే."

మంగళవారం పొద్దున ఘనీ సేట్ జీపు వచ్చింది. నిన్నటి సంగతి మీద నాలుగు మాటలు పడడానికి తాజుద్దీన్ బయటికి వచ్చి నిలబడ్డాడు. ఘనీ సేట్ లోపలికి వచ్చి, తలుపు తనే దగ్గరికి వేశాడు.

"నాది మూడు వందల పదైంది" అన్నాడు. "అన్నం ముట్టలే నేను. నువ్వు చూసినవు గదా."

"డబల్ కా మీఠా సుత చూసిన సేట్."

"అది ఇడిసిపెట్టు. ఈ మూడు నెలలు నువ్వేం తిన్నవో అదే వండి పంపు. రోజు ఒక్క క్యారియర్. ఇంట్ల చెప్తే వాజిదా వాళ్ళ అక్కకు చెప్తది, అక్క బజారుకు చెప్తది. ఎవలకు తెల్వొద్దు. ముఖ్యంగ మా వియ్యంకునికి."

బుధవారం వియ్యంకుడు వచ్చాడు. ఆయన కూతురిని చూసే వంకతో ఇంకా కామారెడ్డిలోనే ఉన్నాడు. ఆయనకూ క్యారియరే కావాలి, ముఖ్యంగా ఘనీ సేట్‌కు తెలియకూడదు. గురువారం హెడ్మాస్టరు వచ్చాడు, శుక్రవారం నమాజు తర్వాత ముగ్గురు వేర్వేరుగా వచ్చారు. పద్నాలుగోవాడుగా ఆశన్న వచ్చాడు. చాలాసేపు బియ్యం గురించే మాట్లాడి, లేచేముందు, తనకూ ఒకటి పంపమన్నాడు, బియ్యం లేకుండా.

నెల తిరిగేసరికి తాజుద్దీన్ పెరట్లో ఇంకో పొయ్యి పెట్టాడు. తెల్లవారుజామున లేచి కొవ్వు తీసిన మటన్, పాలకూర, గుడ్లు, కీరకాయ, పెరుగు సర్దేవాడు. సాలెహా మూతలు బిగించేది. మొదటి బస్సులో భోజ్యా వాటిని కామారెడ్డి తీసుకుపోయేవాడు. ఎవరికీ చెప్పనని నలభై ముగ్గురికి అతడు విడివిడిగా ఒట్టు వేశాడు. బస్సు ఎనిమిదిన్నరకు చేరేది. ఆ సమయానికి కామారెడ్డి బస్టాండులో నలభై ముగ్గురు పెద్దమనుషులు నిలబడి ఉండేవారు, ఒకరికొకరు కనిపించేవారు కాదు.